శభాష్‌కి ఇంగ్లీషేమిటండీ?

రాజోలు వైపు నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. వాళ్ళమ్మాయి చదివే కాన్వెంటులో వార్షికోత్సవమట. తల్లుల తరపున పిల్లలకు బహుమతులు అందించే పని ఈవిడకు అప్పగించారట. కప్పు చేతిలో పెట్టి ఊరుకుంటే సరిపోదు, ప్రతి పిల్లకీ ఇంగ్లీషులో ఒక మంచి మాట చెప్పాలని హెడ్‌మిస్ట్రెస్ గారు మరీ మరీ చెప్పారట. "నాకు వచ్చినవి గుడ్డు, వెరీ గుడ్డు, సూపరు. ఈ మూడింటితో నలభై మందిని ఎలా నెట్టుకు రానండీ? అసలు మన శభాష్‌ని ఇంగ్లీషులో ఏమంటారు? పేరు మాత్రం వెయ్యకండి, మా తోటికోడలు కూడా ఈ పత్రిక చదువుతుంది" అని రాశారు.

పేరు వెయ్యడం లేదమ్మా, నిశ్చింతగా ఉండండి. మీ ప్రశ్న మాత్రం చాలామందిది. పిల్లలు ఇంగ్లీషు మీడియంలో చదువుతున్నారు, అల్లుళ్ళూ కోడళ్ళూ అమెరికాలో ఉంటున్నారు, కుటుంబం గ్రూపులో ఎవరో ఫోటో పెట్టగానే మనం బొటనవేలి బొమ్మ ఒకటి పంపి చేతులు దులుపుకుంటున్నాం. నోరు తెరిచి ఇంగ్లీషులో ఒకర్ని మెచ్చుకోవలసి వచ్చినప్పుడు మాత్రం 'సూపర్' దగ్గర బండి ఆగిపోతుంది. అంచేత ఈ వారం మెప్పు మాటల సంగతి చెప్పుకుందాం.

ముందు శభాష్. ఇది మనం నోరారా అనుకునే మాటే గానీ పుట్టు తెలుగు కాదు. పార్శీలో 'షాద్ బాష్' అంటే 'సంతోషంగా ఉండు' అని అర్థం. నవాబుల జమానాలో మన దాకా వచ్చి, సెబాసు అయి, శభాష్ అయింది. అంటే నిజానికి అది పొగడ్త కూడా కాదు, దీవెన! ఇంగ్లీషులో దానికి అతి దగ్గరగా ఉండేది 'వెల్ డన్'. బాగా చేశావు అని. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళతో అనవచ్చు, సాటివాళ్ళతో అనవచ్చు. అత్తగారితోనూ మాస్టారితోనూ మాత్రం అనకూడదు, మనం వాళ్ళ పేపరు దిద్దినట్టుంటుంది. అన్నట్టు హోటల్లో మాంసం బాగా ఉడికించమని చెప్పడానికి కూడా వెల్ డన్ అనే అంటారు. కాబట్టి అమెరికా వెళ్ళినప్పుడు సర్వరు "వెల్ డన్?" అని అడిగితే మిమ్మల్ని మెచ్చుకుంటున్నాడని మురిసిపోకండి.

గెలిచిన పిల్లకు చెప్పవలసింది 'కంగ్రాచ్యులేషన్స్'. చివర 'స్' తప్పకుండా ఉండాలి, ఒక్క కంగ్రాచ్యులేషన్ అని ఎవరూ చెప్పరు. లాటిన్‌లో దీని మూలానికి 'నీతో కలిసి సంతోషిస్తున్నాను' అని అర్థం. ఏం గెలిచిందో చెప్పాలంటే మధ్యలో 'ఫర్' కాదు, 'ఆన్' వెయ్యాలి. "కంగ్రాచ్యులేషన్స్ ఆన్ విన్నింగ్ ద ఫస్ట్ ప్రైజ్." అంతే. రెండో బహుమతి వచ్చిన పిల్లకు కూడా ఇదే మాట, 'ఫస్ట్' బదులు 'సెకండ్'. ఆ పిల్ల దగ్గర "నెక్స్ట్ టైమ్ ఫస్ట్" అని మాత్రం అనకండమ్మా. చేతిలో కప్పుండగానే దాని మొహం చిన్నబోతుంది.

బహుమతి రాకపోయినా పాల్గొన్నందుకు సర్టిఫికెట్ తీసుకోవడానికి వచ్చే పిల్లలుంటారు చూశారూ, అసలు కష్టం వాళ్ళ దగ్గరే. వాళ్ళకి కంగ్రాచ్యులేషన్స్ అంటే వెక్కిరించినట్టుంటుంది. వాళ్ళు చేసిన పనిలో మీకు నచ్చిన ఒక్క ముక్క పట్టుకోండి. "ఐ ఎంజాయ్డ్ యువర్ సాంగ్", నీ పాట నాకు హాయిగా అనిపించింది అని. "యువర్ హ్యాండ్ రైటింగ్ ఈజ్ బ్యూటిఫుల్." "ఐ లైక్డ్ ద వే యూ డాన్స్డ్." ఇంగ్లీషువాళ్ళ మెప్పులో ఒక మంచి అలవాటు ఇదే, ఏది బాగుందో పేరు పెట్టి చెప్పడం. మనకూ లేదని కాదు. ఆవకాయ రుచి చూసిన మేనత్త "బాగుంది" అంటే మనసుకు ఆనదు. "ముక్క గట్టిగా నిలబడిందే! ఆవ ఘాటు ముక్కుకి తగిలిందే!" అన్నప్పుడు చూడండి, ఏడాది పొడుగునా ఆ మాటే తలుచుకుంటాం. నలభై మంది పిల్లలకు నలభై మాటలు వెతుక్కోనక్కర్లేదు, నలభై మందినీ ఒకసారి చూస్తే మాటలు అవే వస్తాయి. మాస్టర్ల దగ్గర ముందు రోజే జాబితా తీసుకుని ఎవరు ఏం చేశారో పక్కన రాసుకోండి.

ఇక పిల్లలకు వాడే మరో రెండు ముక్కలు. 'కీప్ ఇట్ అప్' అంటే ఇలాగే కొనసాగించు అని. రాంకు తెచ్చుకున్న పిల్లకు పనికొస్తుంది. 'ఐ యామ్ ప్రౌడ్ ఆఫ్ యూ' అంటే నిన్ను చూస్తే నాకు గర్వంగా ఉందని. ఇది పరాయి పిల్లలకు చెప్పేది కాదు, కన్నపిల్లలకు దాచుకోండి. దాచుకోమన్నాను గానీ మన ఇళ్ళలో అది దాచిన చోటే ఉండిపోతుంది! పిల్లని ఎదురుగా పొగిడితే దిష్టి తగులుతుందనీ, ఆయుక్షీణమనీ మన పెద్దల భయం. అంచేత నాన్నగారు కూతురి మార్కుల గురించి అరుగు మీద కూర్చుని ఊరందరికీ చెబుతారు, కూతురు ఎదురుపడితే "పర్వాలేదు, ఇంకా చదవాలి" అంటారు. అది ప్రేమేనని పిల్లకి ముప్ఫై ఏళ్ళు వచ్చాక గానీ అర్థం కాదు. దిష్టి భయం ఉన్నవాళ్ళు ఓ పని చెయ్యండి. ఎదురుగా మెచ్చుకుని, సాయంత్రం ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వెయ్యండి.

సరే, ఇప్పుడు నలుగురిలో మెచ్చుకునే సంగతికి వద్దాం. సభలో చప్పట్లు కొడతాం కదా, దానికి 'అప్లాజ్' అని పేరు. లాటిన్‌లో చప్పట్లు కొట్టడం అనే మాట నుంచి వచ్చింది. విచిత్రమేమిటంటే, దీపావళి బాంబు పేలినప్పుడు వాడే 'ఎక్స్‌ప్లోడ్' అన్న మాటా దీని తోబుట్టువే. పూర్వం రోము నగరంలో నటుడు బాగా చెయ్యకపోతే జనం చప్పట్లతోనే అల్లరి చేసి వేదిక మీంచి తరిమేసేవారట. ఆ తరిమెయ్యడం పేరు ఎక్స్‌ప్లోడ్. చప్పట్లు మెప్పుకీ వాడతారు, వెళ్ళగొట్టడానికీ వాడతారన్నమాట. మన తాలూకా ఆఫీసు మైదానాల్లో ఉపన్యాసాలు విన్నవాళ్ళకి ఇది కొత్తేమీ కాదు.

అందరూ లేచి నిలబడి చప్పట్లు కొడితే 'స్టాండింగ్ ఓవేషన్'. చట్టసభలో సభ్యులు బల్లలు చరుస్తూ "హియర్, హియర్" అంటారు. అది 'ఇక్కడ' అని చెప్పే హియర్ కాదు, 'వినండి' అనే హియర్. సంగీత కచేరీలో 'బ్రావో' అంటారు. అది ఇటలీ మాట. వాళ్ళు పాడింది మగవాడైతే బ్రావో అనీ ఆడదైతే 'బ్రావా' అనీ అంటారు. ఇంగ్లీషులో ఆ తేడా పెద్దగా పట్టించుకోరు గానీ, ఆడవాళ్ళకో ప్రత్యేకమైన శభాష్ ఉందని తెలుసుకోవడం బాగుంది కదూ!

మరి 'వన్స్ మోర్' మాటేమిటని మీరు అడిగేలోగా నేనే చెప్పేస్తాను. అది లేకుండా గోదావరి జిల్లాల్లో మెప్పు గురించి మాట్లాడ్డం ఉప్పు లేకుండా పులుసు పెట్టడమే. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి 'గయోపాఖ్యానం' రాజమండ్రిలో పుట్టిన నాటకం. 'పాండవోద్యోగ విజయాలు' రాసిన జంటలో చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి గారిది కడియం, దివాకర్ల తిరుపతిశాస్త్రి గారిది యండగండి. అంటే తూర్పు ఒకరు, పశ్చిమం ఒకరు. రాత్రి భోజనాలయ్యాక చాపలూ పిల్లలనూ చంకన వేసుకుని వెళ్ళి, తెల్లవార్లూ ఆ పద్యాలు విన్న అమ్మమ్మలు మన ఇళ్ళలో ఉండేవారు. హార్మోనియం మీద రాగం సాగదీసి పద్యం దించగానే జనంలోంచి "వన్స్ మోర్!" అని కేక. ఏ.బి.సి.డి.లు రాని రైతు కూడా ఆ మాట స్పష్టంగా అనేవాడు. యుద్ధంలో కూలిపోయిన వీరుడు వన్స్ మోర్ వినబడగానే లేచి, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చిపోయేవాడని నాటకాల వాళ్ళ మీద హాస్యాలు కూడా ఉన్నాయి.

తమాషా ఏమిటంటే, ఇంగ్లీషువాళ్ళు నాటకశాలలో వన్స్ మోర్ అని అరవరు. వాళ్ళు 'ఆంకోర్' అంటారు. అది ఫ్రెంచి మాట, 'మళ్ళీ' అని అర్థం. ఫ్రెంచివాళ్ళు అదే సందర్భంలో 'బిస్' అంటారు. అది లాటిన్, 'రెండుసార్లు' అని. చూశారా, మళ్ళీ పాడమని అడగవలసి వచ్చేసరికి ఎవరికీ సొంత భాష చాల్లేదు! మనమూ మరాఠీవాళ్ళూ ఇంగ్లీషు నుంచి రెండు మాటలు తీసుకుని రంగస్థలం మీద మనవి చేసేసుకున్నాం. కాబట్టి మీ అమ్మాయి స్కూల్లో ఏ పాటకైనా వన్స్ మోర్ అనాలనిపిస్తే నిస్సంకోచంగా అనండి. ఇంగ్లీషు మిస్సు నవ్వితే ఆవిడకు ఈ సంగతి చెప్పండి.

ఇప్పుడు 'కాంప్లిమెంట్'. ఒకరు మన చీరనో వంటనో ఎదురుగా మెచ్చుకుంటే అది కాంప్లిమెంట్. దీనికి కవల ఒకటుంది. పలకడం ఒకేలా, రాయడంలో మాత్రం మధ్య అక్షరం 'ఐ' బదులు 'ఈ'. ఆ ఈ ఉన్న మాటకి 'పూర్తి చేసేది' అని అర్థం, ముద్దపప్పుకి ఆవకాయలా. మెచ్చుకునేదానికి ఐ అక్షరం, జత కలిపేదానికి ఈ అక్షరం అని గుర్తు పెట్టుకోండి. పట్టుచీరలు కొన్నప్పుడు షాపువాడు ఊరికే ఇచ్చే సంచీ 'కాంప్లిమెంటరీ', అందులో ఉండేదీ ఐ అక్షరమే. సంచీ వట్టిదే గానీ దాని ఖరీదు చీరలో కలిసే ఉంటుంది, అది వేరే సంగతి.

కాంప్లిమెంట్ ఇవ్వడం కన్నా పుచ్చుకోవడం కష్టం. ఈ మాట అందరూ ఒప్పుకోరు గానీ మీరే ఆలోచించండి. వచ్చిన చుట్టాలు "పనసపొట్టు కూర ఎంత బాగా కుదిరిందండీ" అన్నారనుకోండి. మనం ఏమంటాం? "అబ్బే, ఇవాళ ఆవ కాస్త ఎక్కువైంది. మా అత్తగారు చేస్తే చూడాలి." చీర బాగుందంటే "పాతదేనండీ, ఎప్పటిదో." పిల్ల బాగా పాడిందంటే "దానికి గొంతు పట్టేసింది, లేకపోతే ఇంకా బాగా పాడును." తెలుగులో ఇది మర్యాద. అవతలివాళ్ళకీ ఆ ఆట తెలుసు, "ఊరుకోండి, మీరు మరీనూ" అని ఇంకోసారి మెచ్చుకుంటారు. ఇంగ్లీషులో ఆ రెండో విడత ఉండదు. మీరు బాగులేదంటే, పాపం బాగులేదు కాబోలని ఊరుకుంటారు. లేదా తమ నాలుకకి రుచి తెలియదన్నారని చిన్నబుచ్చుకుంటారు. అంచేత ఇంగ్లీషులో ఎవరైనా మెచ్చుకుంటే ఒక్కటే జవాబు, "థాంక్యూ". ఇంకో ముక్క కలపాలనిపిస్తే "ఐ యామ్ గ్లాడ్ యూ లైక్డ్ ఇట్", మీకు నచ్చినందుకు సంతోషం అని. అంతకు మించి ఉప్పూ కారాల లెక్కలు చెప్పనక్కర్లేదు. మొదట్లో నోట్లో ఏదో వెలితిగా ఉంటుంది, నాలుగు రోజులు పోతే అలవాటైపోతుంది.

వంటను మెచ్చుకోవడానికి 'డెలిషియస్' మంచి మాట. అయితే "వెరీ డెలిషియస్" అనడం వాళ్ళకి అంత అలవాటు లేదు. డెలిషియస్‌లోనే ఆ 'వెరీ' ఉంది. కావాలంటే "అబ్సొల్యూట్‌లీ డెలిషియస్" అనండి. ఇంగ్లండు మనిషి మీ పూతరేకు తిని "నాట్ బ్యాడ్" అంటే కోపం తెచ్చుకోకండి. అది మన రాజమండ్రి మావగారి 'పర్వాలేదు' లాంటిది, లోపల లొట్టలేస్తున్నాడని అర్థం. "క్వైట్ గుడ్" అంటే మాత్రం ఎవరన్నారో చూడాలి. అమెరికావాళ్ళంటే చాలా బాగుందని, ఇంగ్లండువాళ్ళంటే తరచూ ఓ మోస్తరుగా ఉందని.

కొన్ని మెప్పు మాటలు సముద్రం దాటేసరికి తిట్లవుతాయి. వాటిలో అన్నిటికన్నా ముఖ్యమైనది 'హోమ్లీ'. పెళ్ళి ప్రకటనల్లో ఇది ఎన్నిసార్లు చూసి ఉంటారు! అందమైన, హోమ్లీ అమ్మాయి కావలెను అని. మన ఉద్దేశం ఇంటి పట్టున ఉండే, పని పాటలు తెలిసిన పిల్ల అని. ఇంగ్లండులో హోమ్లీ అంటే ఆడంబరం లేని, ఇంటి వాతావరణం ఉన్న అని అర్థం, పర్వాలేదు. అమెరికాలో మాత్రం హోమ్లీ అంటే చూడ్డానికి బాగుండని మనిషి! భీమవరం నుంచి డల్లాస్ సంబంధానికి పిల్ల వివరాలు రాసేటప్పుడు ఆ మాట కొట్టేసి 'ఫామిలీ ఓరియెంటెడ్' అని రాయండి. అలాగే 'హెల్దీ'. ఒళ్ళు చేసిన పిల్లని మనం ముద్దుగా హెల్దీగా ఉంది అంటాం. అక్కడ హెల్దీ అంటే ఆరోగ్యంగా ఉందనే, ఒంటి లావుతో నిమిత్తం లేదు. ఇక 'హ్యాట్సాఫ్' అంటే టోపీ తీసి దణ్ణం పెట్టడం. మనకేమో టోపీ పెట్టడమంటే మోసం చెయ్యడం. వాళ్ళు టోపీ తీస్తే గౌరవం, మనం టోపీ పెడితే మోసం. ఎవరి టోపీల గోల వాళ్ళది!

అన్నట్టు 'ఫెలిసిటేషన్'. శాలువా కప్పి, దండ వేసి, జ్ఞాపిక ఇచ్చే సన్మానానికి మన దేశంలో ఇంగ్లీషు పేరు ఇదే. ఈ అర్థంలో ఇంగ్లండులో చెబితే ఒకంతట అర్థం కాదు. అక్కడ శాలువాల సన్మానాలు లేవుగా!

ఇప్పుడు అసలు మాటకొస్తాను. పొగడ్తని ఇంగ్లీషులో 'ప్రెయిజ్' అంటారు. ధరను 'ప్రైస్' అంటారు. బహుమతిని 'ప్రైజ్' అంటారు. మూడూ ఒక తల్లి పిల్లలే. లాటిన్‌లో 'ప్రేటియం' అనే మాటకి వెల, ఖరీదు అని అర్థం. దాన్నుంచే ఈ మూడూ పుట్టాయి. ఆఫీసులో మేనేజరు ఇచ్చే 'అప్రీషియేషన్' కూడా ఆ ఇంటిదే. అప్రీషియేట్ చెయ్యడమంటే విలువ కట్టడం. అందుకే బంగారం ధర పెరిగినా, కోనసీమలో కొబ్బరితోట ధర పెరిగినా అప్రీషియేట్ అయిందనే అంటారు. అంటే ఆ భాషలో ఒకర్ని మెచ్చుకోవడమంటే వాళ్ళ పనికి వెల కట్టడం అన్నమాట. మాట పుట్టుక వరకు అంతే. తరవాత ప్రెయిజ్ ఒక దారినా ప్రైస్ ఒక దారినా వెళ్ళిపోయాయి. ఎంత దూరం వెళ్ళాయో చూడాలంటే నరసాపురం వెళ్ళాలి.

నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళు లేసు అల్లుతారని మీకు తెలుసు. అల్లేవాళ్ళు మీలోనూ ఉండే ఉంటారు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చిన ఈ పని ఇంటింటా పాకింది. టేబుల్ గుడ్డలు, దిండు అంచులు, చక్రాల్లాంటి పువ్వులు ఓడలెక్కి ఇతర దేశాలు వెళ్ళాయి. చూసినవాళ్ళందరూ 'బ్యూటిఫుల్' అన్నారు, 'ఎక్స్‌క్విజిట్' అన్నారు. ఎక్స్‌క్విజిట్ అంటే ఏరి కోరి చేసినంత నాజూకైనది అని అర్థం. మారియా మీస్ అనే జర్మన్ ఆవిడ ఇక్కడికొచ్చి పరిశీలించి 1982లో 'ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' అనే పుస్తకం వేశారు. ఆవిడ చూసిందేమిటంటే, ఈ ఆడవాళ్ళు ఇంటి పని అంతా చేసుకుని రోజూ గంటల తరబడి లేసు అల్లుతున్నారు. ఆ సరుకు మీద వ్యాపారులు బాగుపడ్డారు. అల్లినవాళ్ళని మాత్రం పనివాళ్ళని కూడా అనలేదు, తీరిక వేళ ఏదో చేసుకునే గృహిణులు అన్నారు. తీరిక వేళ పని కాబట్టి కూలీ కూడా అలాగే ఉంది. ప్రెయిజ్ అంతా లేసుకి, ప్రైస్ అంతా వ్యాపారికి. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, అంతకు ముందు ఏడాది ఆత్రేయపురం పూతరేకులకూ వచ్చింది. గుర్తింపును ఇంగ్లీషులో 'రికగ్నిషన్' అంటారు. కాలే కుండ మీద రేకు తీసే ఆడవాళ్ళ చేతివేళ్ళకి అందులో ఎంత వంతు వస్తుందో, ఆ ఊళ్ళలో ఉన్నవాళ్ళు మాకు రాయండి, అచ్చు వేస్తాం.

పూర్వం దొరతనం వారి మెప్పు బిరుదుల రూపంలో వచ్చేది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ గారికి 1861లో 'సర్' వచ్చింది. మన డెల్టా పండితులు ఊరుకున్నారా? గోదావరిలో మునిగేటప్పుడు ఆయన్ని భగీరథుడితో పోల్చి తలుచుకున్నారు. రెండింటిలో ఏది పెద్ద బిరుదో నేను చెప్పక్కర్లేదు. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారికి 1893లో 'రావు బహద్దూర్' ఇచ్చారు. మగవాళ్ళకి ఇలా సర్లూ బహద్దూర్లూ ఉన్నాయి గానీ, వంటింట్లో ఉన్న ఆడదానికి ఇంగ్లీషు సర్కారు ఏమని బిరుదిస్తుంది?

ఆ చిక్కు వాళ్ళకి నిజంగానే వచ్చింది, డొక్కా సీతమ్మ గారి వల్ల. 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరం కోడలైన ఈ అమ్మ గురించి మన జిల్లాలవాళ్ళకి చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. అయినా ఒక్కసారి తలుచుకుందాం. కోనసీమకి వంతెనలు లేని రోజులు. ఏ పాయ దాటాలన్నా పడవే. పడవ దిగినవాళ్ళు ఏ అర్ధరాత్రికో ఆకలితో గుమ్మం ఎక్కితే, కులం గోత్రం అడక్కుండా పొయ్యి రాజేసి అన్నం పెట్టిన ఇల్లాలు ఆవిడ. ఒక రోజూ రెండు రోజులూ కాదు, జీవితమంతా. ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకానికి 1903 జనవరిలో ఢిల్లీలో దర్బారు జరిగినప్పుడు ఆవిడకు ఆహ్వానం వచ్చింది. ఆవిడ వెళ్ళలేదు. పేరు కోసం పెట్టిన అన్నం కాదని చెప్పి ఊరుకున్నారట. చివరికి అధికారులు బతిమాలి ఫోటో తీయించి పట్టుకెళ్ళారనీ, ఆ ఫోటోనే కుర్చీలో ఉంచి గౌరవించారనీ మనవాళ్ళు చెప్పుకుంటారు. చక్రవర్తి పేర ప్రశంసాపత్రం గన్నవరం వచ్చింది, ఇంగ్లీషులో. అలాంటి పత్రాల్లో తరచూ కనిపించే మాట 'ఇన్ రికగ్నిషన్ ఆఫ్', ఫలానా పనిని గుర్తించి అని. మీరు సర్టిఫికెట్లు అందించేటప్పుడు వాటి మీద వెతకండి, ఉండే ఉంటుంది.

ఆవిడ గురించే ఇంకో కథ ఉంది. నాకు దర్బారు కథకన్నా అదే ఇష్టం. ఎన్నాళ్ళుగానో అనుకుని అనుకుని, చివరికి ఒకసారి అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయల్దేరారట సీతమ్మ గారు. దారిలో ఎదురైన పెళ్ళివారి గుంపు ఆకలితో నకనకలాడుతూ, "ఇంకెంత, గన్నవరం చేరితే సీతమ్మ గారు అన్నం పెడతారు" అని పిల్లల్ని ఊరడించుకుంటున్నారు. ఆవిడెవరో వాళ్ళకి తెలియదు. ఆ మాట చెవిన పడగానే సీతమ్మ గారు వెనక్కి తిరిగి ఇంటికి చేరిపోయారు, వాళ్ళొచ్చేసరికి ఎసరు పెట్టడానికి. ఇంగ్లీషులో 'అక్లెయిమ్' అంటే నలుగురూ గొంతెత్తి మెచ్చుకోవడం. 'రెప్యుటేషన్' అంటే మనం లేనిచోట మన గురించి అనుకునే మంచి. ఢిల్లీలో ఆవిడకు అందబోయింది మొదటిది, అంతర్వేది దారిలో వినబడింది రెండోది. రెండింటిలో దేనికి ఆవిడ కదిలారో చూశారుగా.

ఆవిడ 1909లో కాలం చేశారు. గన్నవరం దగ్గర అక్విడక్టుకి ఆవిడ పేరే పెట్టుకున్నాం. 2024లో రాష్ట్ర ప్రభుత్వం బళ్ళలో మధ్యాహ్న భోజన పథకానికి 'డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం' అని పేరు మార్చింది. ఆ భోజనం వండేది కూడా మనలాంటి ఆడవాళ్ళే. వాళ్ళకిచ్చే డబ్బుని జీతమనరు, 'ఆనరేరియం' అంటారు, తెలుగులో గౌరవ వేతనం. 2019లో దాన్ని నెలకు మూడు వేలు చేశారు. ఆనరేరియంలో 'ఆనర్' ఉంది చూశారూ, గౌరవం. ఇచ్చేది తక్కువైనప్పుడు ఇంగ్లీషు ఇలాంటి పెద్ద మాటలు బాగా వాడుతుంది. మీ పిల్లల బడిలో వండే ఆవిడ ఎదురైతే, ఏ భాషలోనైనా సరే, సాంబారు బాగుందో లేదో పేరు పెట్టి చెప్పండి. పిల్లలు ఇంటికొచ్చి ఏమంటున్నారో కూడా చెప్పండి.

స్థలం అయిపోతోంది. 'ఎండార్స్', 'అప్రూవ్' మిగిలిపోయాయి. ఎండార్స్ అంటే చెక్కు వెనక సంతకం పెట్టడం. దాని మూలంలో ఉన్నది లాటిన్‌లో వీపు. ఇప్పుడు సబ్బుల ప్రకటనల్లో సినిమా తారలు చేసేదాన్నీ అదే అంటున్నారు. అప్రూవ్ సంగతి బ్యాంకు లోను పెట్టుకున్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. వచ్చే వారం క్షమాపణ మాటలు. సారీ ఎక్కడ చెప్పాలి, ఎక్స్‌క్యూజ్ మీ ఎక్కడ అనాలి, పార్డన్ అంటే ఏమిటి. మీ ప్రశ్నలు ముందే రాసి పంపండి. పేరు వెయ్యవద్దంటే వెయ్యం.